దాహమేసిన సముద్రం

మా ఇంటి వసారాలో ఒక వేసవికాలమంతా సముద్రం కాపురం చేసింది. నమ్మకం లేకపోతే మా బావమరిది నాగేంద్రబాబుని అడగండి. వాడు జన్మలో నాకు అనుకూలంగా సాక్ష్యం చెప్పిన మనిషి కాదు. అలాంటివాడు ఔనన్నాడంటే అది నిజమే అయ్యుండాలి.

సెల్‌ఫోన్లు పలాస దాకా వచ్చి, మా ఉద్దానం పల్లెల వైపు అడుగు పెట్టడానికి మొహమాట పడుతున్న రోజులవి. అంతకు ముందు ఏడాది గాలివానకి నా జీడితోట సగం పడుకుంది. ఒక చెట్టయితే వేళ్లతో సహా లేచి, గాల్లో ఎగిరి, పొరుగూరి వాడి గట్టు మీద నిటారుగా నిలబడింది. ఆ ఏడాది జీడిపిక్కలు వాడే ఏరుకున్నాడు. సరే, అది వదిలేయండి. పడిన చెట్ల జాగాలో కొత్త అంటుమొక్కలు నాటాను. నాటానే గాని, నా ఓర్పు కూడా ఆ గాలికే ఎగిరిపోయింది, దాన్ని మాత్రం ఎవరి గట్టు మీదా చూడలేదు. వారం తిరక్కుండా ఒక్కో మొక్కనీ పీకి, వేరు దిగిందా లేదా అని చూసి, మళ్లీ పాతేవాణ్ణి.

"పిల్లకి జొరం సూసినట్టు దినమూ పీకి సూత్తావేటయ్యా? దాని మానాన దాన్ని ఉండనీ. నాకే గాని వేర్లుంటే నీ సేతిలో ఈపాటికి నానూ ఎండిపోదును," అనేది మా తవిటమ్మ.

తవిటమ్మ నా భార్య, నాగేంద్రబాబుకి అప్ప, అంటే అక్క. పుట్టింటివారి తెలివితేటలన్నీ తనకే వచ్చాయని ఆవిడ నమ్మకం. వాణ్ణి చూసినప్పుడల్లా నాకూ అదే నమ్మకం కలుగుతుంది.

వాడికి పలాస పక్కనే కాశీబుగ్గలో జీడిపప్పు ఫ్యాక్టరీ. రెండో కూతురు హేమలతకి సోంపేట సంబంధం కుదిరింది, జ్యేష్ఠమాసంలో ముహూర్తం. వియ్యాలవారి కంటికి గొప్పగా ఆనాలని విశాఖపట్నం నుంచి ఓ పెద్ద అద్దాల తొట్టి తెప్పించి, రంగు చేపలు వేయించి, హాల్లో పెట్టాడు. అవి ఎన్నాళ్లో బతకలేదు. పలాసలో ఇంటికొచ్చినవాడి చేతిలో జీడిపప్పు పెట్టకుండా ఎవరూ పంపరు కదా. వచ్చిన ప్రతివాడూ తనో పలుకు తిని చేపలకో పలుకు వేశాడు. ఆఖరికి నీళ్ల మీద నూనె తేలింది, నూనె మీద చేపలు తేలాయి.

మేం చూడటానికి వెళ్లేసరికి వాడు ఖాళీ తొట్టి ముందు దిగాలుగా కూర్చుని ఉన్నాడు.

"ఇంక ఇందులో ఊరగాయి ఎట్టుకోవాలి బావా," అన్నాడు.

"నాకిచ్చీ. నాను పెంచుతాను. ఈ బొమ్మ సేపలు కాదు, సముద్రం సేపలు. సముద్రాన్నే తెచ్చి ఇందులో ఎడతాను," అన్నాను.

"మొక్కనే మొక్కలాగ ఉండనియ్యవట, అప్ప సెప్పింది. సముద్రాన్ని ఉంచుతావేటి నువ్వు?" అని నవ్వాడు. అంతలోనే వాడికి ఏదో ఆలోచన తట్టినట్టుంది, కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "పందెమేసుకో బావా. మా హేమ పెళ్లి దాకా ఆ తొట్టిలో పేణం ఉంటే, మగపెళ్లోరి మద్దిని కూకోబెట్టి నీ ఇట్టమొచ్చినంతసేపు కోతలు కొయ్యనిత్తాను. పేణం పోయిందా, పెళ్లిలో నువ్వు తినడానికి తప్ప నోరిప్పకూడదు."

వాడి భయం వాడిది. పెద్దపిల్ల పెళ్లిలో, మా బావమరిది ఫ్యాక్టరీకి వచ్చే జీడిపిక్క ఒక్కోటి ఇద్దరు మనుషులు మోస్తే గాని కదలదని నేను సరదాకి అన్నాను. ఆ వియ్యంకుడు ఆ పిక్క ఒకటి పంపమని ఇప్పటికీ కబురు పెడుతూనే ఉన్నాడు.

కాని మాట్లాడకుండా పెళ్లిభోజనం! ఉప్పు లేని పులుసు నయం. పౌరుషం వచ్చి, ఒట్టు వేయడానికి దగ్గర్లో మరేమీ దొరక్క, తవిటమ్మ తల మీద చెయ్యి పెట్టాను.

"ఓడిపోనీ. ఒక్క పెళ్లయినా సెవులు సల్లగా తింటాను," అందావిడ, చెయ్యి తీసేస్తూ.

మా ఊరి ఒడ్డున ఎటు చూసినా ఇసుకే. రాళ్లు, రాళ్ల సందుల్లో కాపురముండే జీవాలు కావాలంటే భావనపాడు హార్బరు దాకా వెళ్లాలి. అక్కడ పోలారావని నాకు తెలిసిన పడవ మనిషి ఉన్నాడు. పోటు దిగాక గట్టు రాళ్ల మధ్య మడుగుల్లో దేవులాడి, నల్లచారల చేపపిల్లలు రెండు, పీతలు, గుల్లలు, రొయ్యలు చేతికందినన్ని పట్టాం. ఒక రాయికి ఇంకో జీవి అతుక్కుని ఉంది. నీళ్లలో చామంతిలా విచ్చుకుంటుంది, వేలు తగిలితే గుప్పిట మూసినట్టు మూసుకుంటుంది. దాని అసలు పేరేమిటో నాకూ తెలీదు, పోలారావుకీ తెలీదు. పువ్వు అన్నాం.

"బావూ, ఇది కూరకి రాదు, అమ్మకానికి రాదు. ఏటి సేసుకుంటావు?" అన్నాడు పోలారావు.

"సూత్తాను."

"సూడ్డానికా!" అని వాడు నా నెత్తి మీద తువ్వాలు సరిచేశాడు. ఎండదెబ్బ అనుకున్నాడు కాబోలు.

బస్సులో కండక్టరు, "తాతా, ఆ క్యాన్లలో ఏటి?" అన్నాడు. "సముద్రం," అన్నాను. "అయితే దానికీ టిక్కెట్టు తియ్యి," అన్నాడు.

తెచ్చినవన్నీ పెళ్లికి పిలిచినట్టు ఒక్కపూటలో తొట్టిలో దింపేశాను. పీత రొయ్యని తింది. గుల్ల చచ్చింది. దాని కంపుకి తక్కినవి చచ్చాయి. పువ్వు విచ్చుకోవడం లేదని చీపురుపుల్లతో పొడిచి పొడిచి దాన్నీ చంపాను. వారానికల్లా నీళ్లు గంజిలా తయారయ్యాయి.

తవిటమ్మ ముక్కుకి చెంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. "ఈ కంపు పోయీదాకా ఇంకొక్క జీవం ఈ గుమ్మం దాటిందంటే నాను దాటిపోతాను. నువ్వు సంపడానికి నా ఇల్లే దొరికిందేటి?"

దాంతో కొత్త నీళ్లు, ఇసుక, హార్బరు రాళ్లు మాత్రం వేసి, జీవమన్నది లేకుండా ఊరుకున్నాను. ఊరుకోవడమంటే ఏమిటి, దాని ముందు పీట వేసుకుని గొణుక్కుంటూ కూర్చున్నాను. చూడ్డానికి ఏముంది? రాళ్లు. రాళ్లనే చూశాను. అలా చూడగా చూడగా ఒకరోజు రాయి మీద గవ్వలాంటిది నడిచింది. మర్నాడు ఇంకో సందులోంచి వెంట్రుకంత మీసాలు బయటకొచ్చి, నన్ను చూసి లోపలికి పోయాయి. వాళ్ల ఇంట్లో వాళ్లు ఎప్పట్నుంచో ఉన్నారు, నేనే తలుపు తట్టి తట్టి బయటకి రానివ్వలేదు.

కంపు పోయాక తవిటమ్మ అనుమతితో రెండు చారల చేపల్ని, పువ్వున్న రాయి ఒకదాన్ని తెచ్చాను. ఈసారి పుల్ల ముట్టుకోలేదు.

మా ఊళ్లో మధ్యాహ్నం కరెంటు ఉండేది కాదు. తొట్టితో వచ్చిన గాలి మోటారు ఆగిపోతే చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేవి. అంచేత సైకిలు పంపుకి సన్నటి గొట్టం తగిలించి నేనే నీళ్లలోకి గాలి కొట్టేవాణ్ణి. గబగబా కొడితే ఇసుక లేచి నీళ్లు మురికయ్యేవి. నిద్రపోతున్న పిల్ల ఊపిరి తీసినట్టు కొట్టాలి. మొదట్లో భుజం నొప్పి పుట్టింది, కోపం వచ్చింది, కరెంటోళ్ల వంశాన్నంతా తలుచుకున్నాను. తర్వాత్తర్వాత తలుచుకోవడం మానేశాను. బుడగ వెనక బుడగ లేస్తుంటే పువ్వు రేకులు ఒక్కొక్కటే బయటకు తీసేది. అంచుల్లో కాస్త ఆకుపచ్చ, మొదళ్ల దగ్గర లేత వంకాయరంగు. రొయ్యముక్క నలిపి వేస్తే ఒక రేకు అందుకుని పక్కదానికిచ్చేది, అది ఇంకోదానికిచ్చేది, భోజనాల బంతిలో వడ్డన లాగా. ఎప్పుడు కరెంటు వచ్చిందో, ఎప్పుడు పొద్దు వాలిందో తెలిసేది కాదు.

"మొక్కలు నాలుగాకులేసినాయి, సూసినావా?" అంది ఒకనాడు తవిటమ్మ. చూడలేదు. వాటిని పీకడం మానేశానన్న సంగతే నాకు గుర్తు లేదు.

టీకొట్టు గోవిందు చూడ్డానికి వచ్చి, వంగి తొట్టి అంచుని పరీక్షగా చూశాడు.

"మావా, ఈ ఎండకి నా బాయిలోనే నీలు అడుగంటినాయి. నీ తొట్టిలో నీలు తగ్గవేటి?"

నేనూ అదే ఆశ్చర్యపడుతున్నాను. కాని ఆశ్చర్యాన్ని గోవిందు ముందు ఒప్పుకుంటే ఊళ్లో నా పరువేం కాను? "ఒరే, సముద్రం ఎక్కడన్నా తగ్గుద్దా? అమాసకి భావనపాడులో అల లేత్తే ఇక్కడ నా తొట్టిలో ఏలెడు నీరు ఎక్కుద్ది. రాళ్లు అక్కడివి కదా, సుట్టరికం మర్సిపోవు," అన్నాను.

అమావాస్యనాడు మా వసారాలో కాలు పెట్టే సందు లేదు. నలుగురైదుగురు పోటు ఎక్కడం కళ్లారా చూశామని కూడా చెప్పారు. వాళ్లు అంత గట్టిగా చెప్పాక నేనూ నమ్మేశాను.

ఆ తర్వాత ఒక పొద్దున్న తోట నుంచి ముందే తిరిగొచ్చాను. తవిటమ్మ తొట్టి పక్కన నిలబడి, చెంబుతో సన్నధారగా నీళ్లు పోస్తోంది. "తాగండమ్మా, తాగండి," అంటోంది.

"ఏటి సేత్తన్నావే!"

ఆవిడ ఉలిక్కిపడనైనా లేదు. "కనిపించలేదేటి? నీలు పోత్తన్నాను."

"మంచినీలా? సముద్రంలోనా?"

"మరెంతసేపూ ఉప్పునీరే తాగితే ఆటికి దాహమెయ్యదేటి? ఈ ఎండల్లో గోడ మీద కాకులకి సిప్పతో నీలెడతాం. ఇంట్లో ఉన్నోటికి ఎట్టమా?"

"ఎన్నాల్ల బట్టి?"

"నువ్వు తెచ్చిన కాడ్నించి. దినానికి రెండు సెంబులు."

నా పోటు, నా సుట్టరికం, నా అమావాస్య మహిమ, అన్నీ ఆ చెంబులో కనిపించాయి. ఒళ్లు మండిపోయింది.

"ఇది మీ తమ్ముడి పన్నాగం! నా నోరు కట్టించడానికి అప్పా తమ్ముడూ కలిసి నా సముద్రాన్ని సప్పగా సేసి సంపేత్తన్నారు!"

తవిటమ్మ చెంబు కింద పెట్టింది. "నీ నోరు కట్టాలంటే నాకు తమ్ముడి సాయమేటి? సరేనయ్యా. ఇయ్యాల్టి నించి నీ సముద్రం నీది. దాని దాపుకొత్తే అడుగు."

అప్పటినుంచీ నాతో మాట మానేసింది. ఏం చెప్పాలన్నా గోడకి చెప్పేది. "ఓ గోడా, అన్నం ఎట్టినాను, సల్లారిపోతంది." గోడ తినేది కాదు కాబట్టి నేను తినేవాణ్ణి.

తొట్టిలో నీళ్లు తగ్గడం మొదలైంది. తగ్గినప్పుడల్లా భావనపాడు వెళ్లి క్యాన్లతో సముద్రపు నీళ్లే తెచ్చి పోశాను. పుట్టినచోటి నీళ్లకన్నా వాటికి ఏం కావాలి? మళ్లీ తగ్గేవి, మళ్లీ పోసేవాణ్ణి. అద్దం అంచున తెల్లటి పొర కట్టింది. నురగ మరక అనుకున్నాను. ఒక చారల చేప మూలకి చేరి, ఒరిగి, పోయింది. రెండోది రాయి పక్కన నిలబడిపోయింది. పువ్వు ముడుచుకుని మళ్లీ తెరుచుకోలేదు. సైకిలు పంపు ఎంత మెల్లగా కొట్టినా లాభం లేదు. పెళ్లి దగ్గర పడుతోంది. సోంపేట వాళ్ల మధ్య నోరు కట్టుకుని కూర్చున్నట్టు కలలొచ్చేవి. అంతకన్నా, నిజం చెప్పాలంటే, ఆ మూసుకున్న గుప్పిటని చూస్తే అన్నం సహించేది కాదు.

ఇంకోసారి నీళ్లు తెస్తున్నాను. నౌపడ దగ్గర రైల్వే గేటు పడి బస్సు ఆగింది. పక్కనే ఉప్పు మడులు. ఒక మడిలో ఉప్పు కుప్పలు లాగుతున్నారు. నీళ్లు లేవు. నీళ్లేమయ్యాయి? ఎండ తాగేసింది. ఉప్పు? ఎక్కడిది అక్కడే ఉంది. ఇవతల మడిలోకి ఒకాయన కాలవ గట్టు తెంపి మళ్లీ ఉప్పునీరు పెడుతున్నాడు. ఎందుకు? ఇంకా ఉప్పు కావాలి కాబట్టి.

ఒళ్లో ఉన్న క్యాన్ల వంక చూసుకున్నాను. వసారాలో నేను చేస్తున్నది చేపల పెంపకం కాదు, ఉప్పు సేద్యం.

బస్సు దిగి, క్యాన్లు రెండూ తీసుకెళ్లి ఆ మడిలో ఒంపేశాను.

"ఎవులు తాతా నువ్వు? ఏటి పోత్తన్నావు?" అని అరిచాడు ఆ మనిషి.

"మా ఇంట్లో ఎక్కువైపోనాది. ఉంచుకో," అన్నాను.

ఇంటికొచ్చేసరికి తవిటమ్మ వసారాలో చేటతో బియ్యం చెరుగుతోంది. నేను నేరుగా బావి దగ్గరికెళ్లి బిందెడు నీళ్లు తోడి, తెచ్చి, తొట్టి అంచుకి ఎత్తాను.

"ఓ గోడా," అంది తవిటమ్మ, చేట లోంచి తలెత్తకుండా, "ఒక్కపాలి బిందెడు పోత్తే ఆ ఉన్నదీ బెదిరి సత్తాదని సెప్పు."

బిందె అలాగే పట్టుకుని నిలబడ్డాను. చేతులు లాగుతున్నాయి.

"పాపం, నీకు దాహమేసినట్టున్నాది," అన్నాను, చేపతో.

చెరుగుడు ఆగింది. ఆవిడ చేట పక్కన పెట్టి, లేచి, నా చేతుల్లోంచి బిందె దించింది. చెంబు ముంచి, అద్దం వెంబడి సన్నగా జారవిడిచింది.

"పొద్దున్నొక సెంబు, సాయంత్రమొకటి. ఎక్కువ పోసినావంటే ఊరుకోను."

ఈ మాట గోడతో అన్నది కాదు.

చేప తేరుకుంది. పువ్వు మాత్రం అలాగే ఉంది. శుభలేఖలు పంచుతూ నాగేంద్రబాబు ఇస్త్రీ చొక్కాతో దిగాడు. వస్తూనే తొట్టి దగ్గరికి పోయాడు.

"ఒక సేప పోనాది, రెండోది పెళ్లి దాకా ఆగదు. పువ్వంటావా, ఇది పువ్వు కాదు బావా, వాడిపోయిన వంకాయి. సచ్చిపోనాది. పందెం నాది."

"కూకో."

"కూకోడానికేటి? వంటోల్లతో మాటాడాల." సెల్లు తీసి చూశాడు. మా ఊళ్లో అది అలంకారం. వసారా ఈ చివర నుంచి ఆ చివరకి తిరిగి, మళ్లీ వచ్చి, జేబులో పెన్ను తీసి నీళ్లలోకి పోనిచ్చాడు. వాడి మణికట్టు పట్టుకున్నాను.

"పొడవకురా. దానికి తోసినప్పుడు అదే తెరుసుకుంటాది."

గుమ్మంలో నిలబడ్డ తవిటమ్మ నా వంక ఒకసారి చూసి, లోపలికెళ్లి వాడికి మజ్జిగ తెచ్చింది.

అప్పుడే కరెంటు పోయింది. పంపు వాడి చేతికిచ్చాను. "కొట్టు. మెల్లగా." ఫ్యాక్టరీ యజమాని, ఇస్త్రీ చొక్కా చెమటతో వీపుకి అంటుకుపోయి, పీట మీద కూర్చుని గాలి కొట్టాడు. గబగబా కొట్టినప్పుడల్లా వాళ్లప్ప నెత్తి మీద మొట్టింది. శుభలేఖలు నేల మీద, మజ్జిగ గ్లాసు శుభలేఖల మీద. కొంతసేపటికి వాడు వంటవాళ్ల సంగతి మాట్లాడటం మానేశాడు. ఇంకొంతసేపటికి అసలు మాట్లాడటమే మానేశాడు.

పువ్వు గుప్పిట కొస కదిలింది. ఒక రేకు బయటకొచ్చి, అటూ ఇటూ చూసినట్టు ఊగి, ఆగింది. తర్వాత ఇంకోటి.

"అప్పా," అన్నాడు వాడు, గుసగుసగా, "బతికే ఉందే ఇది." ఆ రోజు మిగిలిన శుభలేఖలు పంచలేదు.

పెళ్లిలో మాట నిలబెట్టుకున్నాడు. విడిదింట్లో సోంపేట వియ్యంకుడికీ పెళ్లికొడుకు బాబాయికీ మధ్య కుర్చీ వేసి నన్ను కూర్చోబెట్టాడు. నేను వారం నుంచి తయారుగా ఉన్నాను. పోటు కథ ఉంది, చారల చేప రాత్రుళ్లు భావనపాడు వెళ్లి తెల్లారేసరికి తిరిగొచ్చే కథ ఉంది.

"కూర్మనాథం గారూ, మీ ఇంట్లో సముద్రం ఉందటగా? సముద్రం జీవాలు ఇంట్లో ఎలగ బతికినాయండీ?" అని వియ్యంకుడే అందించాడు.

గొంతు సవరించుకున్నాను. సరిగ్గా అప్పుడే తవిటమ్మ స్వీట్ల పళ్లెంతో అటు వచ్చింది. నాకేమైందో ఇప్పటికీ తెలీదు.

"ఆవిణ్ణడగండి," అన్నాను.

తవిటమ్మ పళ్లెం పట్టుకుని నిలబడి, ఉన్నదున్నట్టు చెప్పింది. "ఏటున్నాదండి. ఆటికి దాహమేసింది. దినానికి రెండు సెంబులు మంచినీలు పోసినాను. బతికినాయి."

వియ్యంకుడు నవ్విన నవ్వుకి కిళ్లీ కండువా మీద పడింది. "సముద్రం సేపకి దాహమా! ఓలమ్మ! కూర్మనాథం గారూ, మీరేదో పెద్ద కోతలరాయుడని ఇన్నాం. మీ ఇంటావిడ ముందు మీరెందుకూ పనికిరారు!"

"కోతలేటండి, నిజివే సెప్తన్నాను. మానేత్తే ఒకటి సచ్చిపోనాది కూడాను," అంది తవిటమ్మ, కోపంగా.

పెళ్లికొడుకు బాబాయి కడుపు పట్టుకుని కుర్చీ లోంచి జారాడు. పక్క వరసల వాళ్లు లేచి వచ్చారు. ఆవిడకో కుర్చీ వేశారు. "ఇంకోటి, అమ్మా, ఇంకోటి!" ఆవిడ చిరాకు పడుతూనే అమావాస్య పోటు సంగతి, గోడతో మాట్లాడిన సంగతి, ఒక్క ముక్క కల్పించకుండా చెబుతుంటే, విడిదింటి పైకప్పు లేచిపోయింది.

గోల విని నాగేంద్రబాబు పందిట్లోంచి పరుగెత్తుకొచ్చాడు. "బావా! నీకు దండం ఎడతాను, ఇంక సాలించీ!" అని అరుస్తూ జనాన్ని తోసుకుని ముందుకొచ్చి, నన్ను చూసి ఆగిపోయాడు.

నా నోట్లో జీడిపప్పు పాకం ముక్క ఉంది. పళ్లకి అంటుకుపోయింది. తవిటమ్మ వైపు వేలు చూపించి, నములుతూ కూర్చున్నాను.